ఆర్‌పీఏ మీద ఉన్న అపోహలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్‌ని అందరూ పొట్టిగా ఆర్‌పీఏ అంటారు. ఈ పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. బాట్‌లు (మనిషి కంప్యూటర్‌లో చేసే పనిని చేసే ప్రోగ్రాంలు) కట్టాను, మొరాయించినవాటిని బాగుచేశాను, కొన్నిటిని ఆపేయడమే మంచిదని చెప్పి ఆపించాను. ఏ ఆఫీసుకి వెళ్లినా మొదటి మీటింగ్‌లో అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. డబ్బు పెట్టకముందే వీటికి జవాబులు తెలియాలని నా కోరిక. అందుకే అన్నీ ఒకచోట రాశాను.

రోబో అంటున్నారు, నిజంగా ఏదైనా యంత్రం వచ్చి కూర్చుంటుందా?

రాదు. ఆర్‌పీఏ అంటే పూర్తిగా సాఫ్ట్‌వేరే. మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఉంటుంది కదా: లాగిన్ అవడం, మెయిల్ తెరవడం, అటాచ్‌మెంట్ డౌన్‌లోడ్ చేయడం, అందులోని అంకెలు ఇంకో స్క్రీన్‌లో కొట్టడం, సేవ్ నొక్కడం. అదే పనిని అవే స్క్రీన్ల మీద, అవే బటన్లు నొక్కుతూ ఈ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మీరు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ లోపల ఏదీ మారదు. దానికి ఇంకో యూజర్ లాగిన్ అయినట్టే ఉంటుంది.

అపోహకి కారణం పేరే. ఈ పేరుని 2012 ప్రాంతంలో బ్రిటన్ కంపెనీ బ్లూ ప్రిజమ్ ప్రచారంలోకి తెచ్చింది. ఆ కంపెనీ పుట్టింది 2001లో. ఇదే రంగంలోని ఆటోమేషన్ ఎనీవేర్ కంపెనీ 2003లో, యూఐపాత్ కంపెనీ 2005లో వేరే పేర్లతో మొదలయ్యాయి. అంటే పేరు పడేనాటికే ఈ పని పాతది. బాట్ ఎక్కడుందో ఒకసారి సర్వర్ రూమ్‌లో చూపించమని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్ల తప్పేం లేదు, పేరు అలా ఉంది.

అయితే ఇది ఎక్సెల్ మాక్రో లాంటిదే కదా, కొత్తేముంది?

చుట్టరికం ఉంది. ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చిన్న ప్రోగ్రాంలు) 1993 నుంచి ఉన్నాయి. మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ల తెరల మీద నుంచి అక్షరాలు లాక్కునే స్క్రీన్ స్క్రేపింగ్ అంతకన్నా పాతది. కానీ మాక్రో మామూలుగా ఆఫీస్ ప్రోగ్రాముల గడప దాటదు. ఎవరో ఒకరి కంప్యూటర్‌లో ఉంటుంది. ఆ మనిషి ఉద్యోగం మారితే దాన్ని ముట్టుకోవడానికి మిగతావాళ్లు భయపడతారు.

ఆర్‌పీఏ బాట్ ఎక్సెల్, బ్రౌజర్, మెయిల్, ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, కొనుగోళ్లు నడిపే సాఫ్ట్‌వేర్) అన్నిటి మధ్యా తిరుగుతుంది. చేయాల్సిన పనులు క్యూలో ఉంటాయి. ఏ ఐటమ్ ఎన్ని గంటలకు మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నది లాగ్ అనే రికార్డులో పడుతుంది. పాస్‌వర్డ్‌లు విడిగా, భద్రంగా ఉంటాయి. బాట్‌లన్నిటినీ ఒకే స్క్రీన్ నుంచి చూడొచ్చు, ఆపొచ్చు. నన్నడిగితే మీరు డబ్బు పెట్టేది ఈ క్యూకి, ఈ లాగ్‌కి. ఒక్క ఎక్సెల్ ఫైల్‌లో మొదలై అక్కడే ముగిసే పనైతే మాక్రో చాలు, ఆర్‌పీఏ జోలికి వెళ్లకండి.

బాట్‌కి తెలివి ఉంటుందా? చేస్తూ చేస్తూ నేర్చుకుంటుందా?

నేర్చుకోదు. ఇలా ఉంటే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అని మనం రాసిన నియమాలే దానికి తెలుసు. వెయ్యి ఇన్వాయిస్‌లు పూర్తిచేశాక కూడా తర్వాతిదాన్ని మొదటిదాన్ని చూసినట్టే చూస్తుంది.

స్కాన్ చేసిన కాగితం చదవడానికి ఓసీఆర్‌నో, వచ్చిన మెయిల్ దేని గురించో తేల్చడానికి మెషీన్ లెర్నింగ్ మోడల్‌నో బాట్‌కి జత చేయొచ్చు. ఆ భాగానికి నేర్పించవచ్చు. అయితే అది ఇచ్చే జవాబుతో పాటు ఎంత నమ్మకంతో చెబుతోందో ఒక శాతం కూడా వస్తుంది. ఆ శాతం ఎంతకన్నా తగ్గితే మనిషికి పంపాలి అన్నది మళ్లీ మీరే తేల్చుకోవాలి. డెమోలో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. మీరే అడగండి.

మనిషి తప్పు చేస్తాడు గానీ బాట్ చేయదు కదా?

టైపింగ్ పొరపాట్లు చేయదు, అది నిజం. అలసిపోయి 1500ని 5100గా కొట్టడం బాట్ చేతిలో జరగదు. కానీ నియమంలో తప్పుంటే ఆ తప్పుని పొల్లుపోకుండా ప్రతిసారీ చేస్తుంది.

నేను కట్టిన ఒక బాట్ సంగతి చెప్తాను. ఒక సప్లయర్ ఇన్వాయిస్‌ల మీద తేదీ 03/04 అని ఉండేది. వాళ్ల లెక్కలో అది ఏప్రిల్ 3. బాట్ నడిచే కంప్యూటర్‌లో ప్రాంతీయ సెట్టింగ్ వేరుగా ఉండటంతో దానికది మార్చి 4 అయింది. తేదీ 13 గానీ ఆ పైన గానీ అయితే అలాంటి నెల లేదు కాబట్టి బాట్ ఎర్రర్ ఇచ్చి ఆగేది. అది మాకు కనిపించేది, ఏదో చెడ్డ స్కాన్ అనుకుని చేత్తో సరిచేసేవాళ్లం. 12 లోపు తేదీలు మాత్రం చప్పుడు లేకుండా తప్పుగా ఎక్కిపోయేవి. ఎర్రర్ లేదు, లాగ్ అంతా పచ్చగా ఉంది. గడువు తేదీలు తేడాగా ఉన్నాయని చివరికి పట్టుకున్నది అకౌంట్స్‌లో ఉన్న ఒకావిడ. ఆ సప్లయర్ బిల్లు నెలలో ఎప్పుడు వస్తుందో ఆవిడకి గుర్తుంది.

అప్పటినుంచి నేను బాట్ విజయవంతం అని చెప్పిన ఐటమ్‌లలోంచి కూడా రోజూ కొన్ని తీసి మనిషి చేత చూపిస్తాను. ఆగిపోయినవి ఎలాగూ కంటబడతాయి.

దీనివల్ల ఉద్యోగాలు పోతాయా?

ఈ ప్రశ్నని చాలామంది బయటికి అడగరు, మనసులో పెట్టుకుంటారు. అందుకే సూటిగా చెప్తాను.

బాట్ తీసుకునేది ఉద్యోగాన్ని కాదు, అందులోని కొన్ని పనుల్ని. అకౌంట్స్‌లో ఒక మనిషి రోజంతా అంకెలు కొట్టడమే చేయరు. సప్లయర్‌తో ఫోన్లో వాదిస్తారు, లెక్క తేడా వస్తే వెతుకుతారు, కొత్తగా చేరినవాళ్లకు నేర్పుతారు. బాట్‌కి వెళ్లేది ఆ కాపీ పేస్ట్ భాగం. అయితే ఒకరి ఉద్యోగం మొత్తం కాపీ పేస్టే అయినప్పుడు ఆ ఉద్యోగం ప్రమాదంలో ఉన్నట్టే. లేదని చెబితే అబద్ధం అవుతుంది. కొన్నిచోట్ల మనుషుల్ని వేరే పనులకు మార్చారు. కొన్నిచోట్ల ఎవరైనా మానేస్తే ఆ ఖాళీ నింపలేదు. బయటి కంపెనీలకు ఇచ్చిన కాంట్రాక్టులు తగ్గించుకున్నవాళ్లూ ఉన్నారు. బాట్‌లు కట్టే, చూసుకునే ఉద్యోగాలు కొత్తగా వచ్చాయి గానీ, పోయినన్నీ వస్తాయని నేను మాట ఇవ్వను.

మనుషుల్ని ఏం చేయాలన్నది బాట్ నిర్ణయించదు, యాజమాన్యం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం ముందే తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నేను గట్టిగా కోరతాను. ఎవరి ఉద్యోగమూ కదలదని మొదట్లో మాట ఇచ్చి తర్వాత తప్పితే, ఇక ఆ ఆఫీసులో పని ఎలా చేస్తారో మీకు ఎవరూ నోరు విప్పి చెప్పరు. వాళ్లు చెప్పకపోతే బాట్ కట్టలేం.

మా దగ్గర ప్రాసెస్ డాక్యుమెంట్ ఉంది. అది చూసి కట్టేయొచ్చు కదా?

కట్టొచ్చు, నడవదు. ఈ జవాబు కొంచెం పెద్దది, కానీ నా అనుభవంలో ఇంతకన్నా ముఖ్యమైనది లేదు.

ఒకచోట బిల్లుల ఎంట్రీకి 14 స్టెప్పుల డాక్యుమెంట్ ఇచ్చారు. చక్కగా రాశారు, స్క్రీన్‌షాట్లు కూడా ఉన్నాయి. అది చేతిలో పెట్టుకుని ఆ పని చేసే ఉద్యోగిని పక్కన రెండు గంటలు కూర్చున్నాను. ఆరో స్టెప్ దగ్గర, సేవ్ నొక్కే ముందు, ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మానిటర్ అంచుకి పసుపు కాగితం ఒకటి అతికించి ఉంది. దాని మీద నలుగురు సప్లయర్ల పేర్లు. ఆ పేరు కనబడితే ఇంకో ట్యాబ్ తెరిచి, అదే మొత్తంతో గత నెలలో బిల్లు ఏదైనా ఎక్కిందా అని చూస్తోంది. ఎందుకమ్మా అని అడిగితే, "వీళ్లు ఒకే బిల్లు నంబరు మార్చి రెండుసార్లు పంపిస్తారండీ, కావాలని కాదు, వాళ్ల సిస్టమ్ అంతే" అంది. డాక్యుమెంట్‌లో ఈ మాట లేదు. వాళ్ల మేనేజర్‌కీ తెలియదు. బిల్లు నంబరు వేరుగా ఉంటే సాఫ్ట్‌వేర్ కూడా పట్టుకోదు.

డాక్యుమెంట్ చూసి బాట్ కట్టి ఉంటే ఆ నలుగురికీ రెండేసి సార్లు డబ్బు వెళ్లేది. ఇలాంటి పసుపు కాగితం ప్రతి ఆఫీసులో ఉంటుంది. కొన్నిసార్లు అది కాగితం మీద కూడా ఉండదు, ఆ మనిషి అలవాటులో ఉంటుంది. అందుకే నేను స్క్రీన్ రికార్డింగ్ ఒక్కటే తీసుకుని సరిపెట్టుకోను. పక్కన కూర్చుంటాను, చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూస్తాను, అక్కడ ఎందుకు అని అడుగుతాను. నెలాఖరు రోజు ఒకటి, మామూలు రోజు ఒకటి తప్పకుండా చూస్తాను. ఈ రెండు రోజుల్లో ఒకే పని వేరు వేరుగా జరుగుతుంది.

గందరగోళంగా ఉన్న ప్రాసెస్‌ని బాట్ గాడిలో పెడుతుందా?

పెట్టదు. అనవసరమైన మూడు అప్రూవల్స్ ఉంటే ఆ మూడింటినీ బాట్ వేగంగా అడుగుతుంది, అంతే. ముందు ఆ స్టెప్ ఎందుకుందో అడిగి, కారణం లేకపోతే తీసేయండి. అలా తీసేశాక బాట్ అక్కర్లేదని తేలిన సందర్భాలు ఉన్నాయి. దాన్ని నేను ప్రాజెక్టు పోయిందని అనుకోను.

రెండు వారాల్లో అయిపోతుందని విన్నాం, నిజమేనా?

అంతా సవ్యంగా ఉన్న ఒక ఐటమ్‌ని బాట్ చేసి చూపించడానికి రెండు వారాలు కూడా అక్కర్లేదు. మిగతా సమయమంతా సవ్యంగా లేనివాటికి పడుతుంది. ఫైల్ ఖాళీగా వస్తే? ఒకే పేరుతో ఇద్దరు కస్టమర్లుంటే? సిస్టమ్ మధ్యలో లాగౌట్ చేస్తే? వీటిని రెండు రకాలుగా విడదీస్తాం. బిల్లు మీద ఆర్డర్ నంబరు లేకపోవడం బిజినెస్ ఎక్సెప్షన్, మళ్లీ ప్రయత్నించినా లాభం లేదు, మనిషికి పంపాలి. పేజీ తెరుచుకోకపోవడం సిస్టమ్ ఎక్సెప్షన్, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. ఈ తేడా రాయకుండా కట్టిన బాట్‌ని చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

దీనికి పైన యూజర్ ఐడీల అనుమతులు, టెస్ట్ డేటా, సెక్యూరిటీ వాళ్ల సంతకాలు. మొదటిసారి చేపట్టిన ఆర్‌పీఏ ప్రాజెక్టుల్లో 30 నుంచి 50 శాతం దాకా విఫలమవడం చూశామని 2016లో ఎర్నెస్ట్ అండ్ యంగ్ అనే సలహా సంస్థే రాసింది. తొందరపడి పని తెలుసుకోకుండా మొదలుపెట్టడమే చాలావాటికి కారణమని నేను చూసినవాటిని బట్టి అనుకుంటున్నాను.

ఒకసారి పెట్టేశాక ఇక చూసుకోనక్కర్లేదా?

చూసుకోవాలి, దానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి పేరు ముందే తేలాలి.

బాట్ స్క్రీన్ మీద బటన్‌ని గుర్తుపట్టడానికి సెలెక్టర్ అని ఒకటి ఉంటుంది. ఈ విండోలో, ఈ ఫారంలో, ఈ పేరున్న బటన్ అని రాసుకున్న చిరునామా లాంటిది. వెబ్‌సైట్ వాళ్లు డిజైన్ మారిస్తే ఆ చిరునామా చెల్లదు. మనిషైతే బటన్ కుడి నుంచి ఎడమకి జరిగినా ఇట్టే చూసుకుని నొక్కుతాడు. బాట్ వెతుక్కుని, గడువు అయ్యాక ఆగిపోతుంది.

ఒక రాత్రి క్యూలో 600 ఐటమ్‌లు పెట్టి వెళ్లాం. అర్ధరాత్రి దాటాక లాగిన్ స్క్రీన్ మీద చిన్న పెట్టె వచ్చింది: మీ పాస్‌వర్డ్ ఇంకో 7 రోజుల్లో ముగుస్తుంది, సరేనా అని. మనిషైతే సరే అని నొక్కి ముందుకు వెళ్లిపోతాడు. బాట్‌కి ఆ పెట్టె గురించి ఎవరూ చెప్పలేదు. ఆగింది, మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ ఆగింది. పొద్దున టీమ్ వచ్చేసరికి 600 ఐటమ్‌లూ అలాగే ఉన్నాయి. ఆ పెట్టె వస్తే మూసెయ్యమని రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రోజు పని పూర్తిచేయడానికి నలుగురు రాత్రి దాకా కూర్చున్నారు. బాట్ ఆగితే ఎవరి ఫోన్‌కి మెసేజ్ వెళ్లాలి, చేత్తో ఆ పని చేయడం ఇంకా ఎవరికి గుర్తుంది అన్న రెండు విషయాలూ రాసి పెట్టుకోండి.

కోడింగ్ రాకుండా ఎవరైనా బాట్ కట్టొచ్చా?

చిన్నవి కట్టొచ్చు. మైక్రోసాఫ్ట్ 2020లో సాఫ్టోమోటివ్ అనే కంపెనీని కొని, 2021 మార్చి నుంచి పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్ అనే ఆర్‌పీఏ సాఫ్ట్‌వేర్‌ని విండోస్ 10 వాడేవాళ్లకు అదనపు ఖర్చు లేకుండా ఇచ్చింది. మీ సొంత పనికి, మీ కళ్ల ముందు నడిచే బాట్‌కి అది బాగా ఉపయోగపడుతుంది. ప్రయత్నించమని అందరికీ చెప్తాను.

పదిమంది ఆధారపడే బాట్ సంగతి వేరు. అక్కడ లూప్‌లు, వేరియబుల్స్, ఎర్రర్ వస్తే ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి అన్న ఆలోచన కావాలి. పెట్టెలు లాగి అతికించినా అది ప్రోగ్రామింగే.

ఐటీ వాళ్లకు చెప్పకుండా మా డిపార్ట్‌మెంట్ వరకూ పెట్టుకోవచ్చా?

వద్దు. వాళ్లు అప్‌డేట్ ఎప్పుడు వేస్తున్నారో మీకు తెలియదు, బాట్ ఉందని వాళ్లకు తెలియదు.

భద్రత సంగతేంటి? బాట్‌కి పాస్‌వర్డ్ ఇవ్వడం ప్రమాదం కాదా?

ఎవరో ఒక ఉద్యోగి ఐడీతో బాట్‌ని నడిపిస్తే ప్రమాదమే. ఏ పనిని మనిషి చేశారో, దేన్ని బాట్ చేసిందో ఆడిట్‌లో తేలదు. బాట్‌కి సొంత ఐడీ ఉండాలి, దాని పనికి కావలసినంత వరకే అనుమతులు ఉండాలి. పాస్‌వర్డ్‌ని ప్రోగ్రాం లోపల గానీ ఎక్సెల్ షీట్‌లో గానీ రాయకూడదు.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. కొత్త సప్లయర్‌ని నమోదు చేసే మనిషి, చెల్లింపుకి ఆమోదం ఇచ్చే మనిషి వేరుగా ఉండాలని ప్రతి ఆఫీసులో నియమం ఉంటుంది. సౌకర్యం కోసమని ఒకే బాట్‌కి రెండు పనులూ ఇచ్చేస్తే ఆ కాపలా పోయినట్టే. ఎర్రర్ వచ్చినప్పుడు బాట్ తీసే స్క్రీన్‌షాట్లలో కస్టమర్ల వివరాలు ఉంటాయి, అవి ఎక్కడ దాస్తున్నారో కూడా అడగండి.

నూటికి 80 ఐటమ్‌లు బాట్ చేస్తే 80 శాతం సమయం ఆదా అయినట్టేనా?

కాదు. దాదాపు ప్రతి ప్రెజెంటేషన్‌లో నాకు కనిపించే తప్పు లెక్క ఇదే. ఉదాహరణకి 100 బిల్లులకి మొత్తం 500 నిమిషాలు పడుతోంది అనుకుందాం. సగటు 5 నిమిషాలు. కానీ అన్నీ 5 నిమిషాలవి కావు. సులువైన 80 బిల్లులకి మూడేసి నిమిషాల చొప్పున 240 నిమిషాలు, చిక్కుముడి ఉన్న 20 బిల్లులకి 13 నిమిషాల చొప్పున 260 నిమిషాలు పడుతున్నాయి. బాట్ తీసుకునేది ఆ సులువైన 80నే. అంటే ఆదా 240 నిమిషాలు, సగం కూడా కాదు. పైగా మనుషుల చేతిలో మిగిలేవన్నీ చిక్కువే. రోజంతా అలాంటివే చేయడం ఎంత అలసటో వాళ్లని అడిగితే తెలుస్తుంది.

ఖర్చు వైపు కూడా లైసెన్స్ ఒక్కటే రాసుకుంటే చాలదు. బాట్ నడిచే మెషీన్, చూసుకునే మనిషి జీతం, స్క్రీన్లు మారినప్పుడల్లా సరిచేసే పని కలపండి. ఇవన్నీ కలిపాక కూడా లాభం కనిపిస్తే ధైర్యంగా ముందుకెళ్లండి. కనిపించే పనులు చాలానే ఉన్నాయి.

ఏపీఐ ఉన్న చోట కూడా ఆర్‌పీఏ వాడాలా?

స్క్రీన్ అవసరం లేకుండా సాఫ్ట్‌వేర్‌లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే దారిని ఏపీఐ అంటారు. అది ఉంటే అదే వాడండి. రెండు సాఫ్ట్‌వేర్‌లు నేరుగా మాట్లాడుకోగలిగినప్పుడు స్క్రీన్ మీద క్లిక్ చేయించడం చుట్టుదారి. ఏపీఐ లేని పాత సిస్టమ్‌లకి, మన చేతిలో లేని ఇతరుల వెబ్‌సైట్‌లకి ఆర్‌పీఏ సరిపోతుంది. ఒకే బాట్‌లో కొన్ని స్టెప్పులు ఏపీఐతో, కొన్ని స్క్రీన్ మీద చేయించవచ్చు.

ఏఐ ఏజెంట్లు వచ్చేశాయి కదా, ఇక ఆర్‌పీఏ పనైపోయిందా?

ఒక్కో మెయిల్ ఒక్కోలా రాసి ఉన్నా అందులో కస్టమర్ ఏమడుగుతున్నారో ఆ ఏజెంట్ల వెనక ఉండే లాంగ్వేజ్ మోడల్ (మామూలు భాషని చదివి రాసే ఏఐ) పట్టుకోగలదు. పాత బాట్‌కి అది చేతకాదు. కానీ అదే ఇన్‌పుట్‌కి మోడల్ ప్రతిసారీ అదే జవాబు ఇస్తుందని గ్యారంటీ లేదు. చెల్లింపు మొత్తం నమోదు చేసే చోట అది ఒప్పుకోలేం. నేను ఇప్పుడు రెండిటినీ కలిపే కడుతున్నాను: మెయిల్ చదివేది మోడల్, ఎంట్రీ వేసేది బాట్, డబ్బు కదిలే ముందు చూసేది మనిషి.

సరే, మొదట ఏ పనితో మొదలుపెట్టాలి?

అన్నిటికన్నా కష్టమైన పనితో మొదలుపెట్టి సత్తా చూపిద్దాం అంటారు చాలామంది. వద్దు. బ్రిటన్ మొబైల్ కంపెనీ ఓ2 2010లో రెండే పనులతో ప్రయత్నం మొదలుపెట్టింది: కస్టమర్ సిమ్ మార్చడం, ముందే లెక్కగట్టిన మొత్తాన్ని ఖాతాలో జమచేయడం. రెండూ నియమాలు తేటగా ఉన్నవే. 2015 నాటికి 160కి పైగా బాట్‌లు నెలకి 4 నుంచి 5 లక్షల లావాదేవీలు చేస్తున్నాయని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు రాశారు.

చిన్న ఆఫీసైనా ఇదే దారి. రోజూ జరిగే పని, కాగితం కాకుండా డిజిటల్‌గా వచ్చే పని, ఏడాదిగా పెద్దగా మారని పని ఒకటి ఎంచుకోండి. ఒక వారం పాటు అందులో ఎన్ని ఐటమ్‌లు దారి తప్పుతున్నాయో ఒక కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టండి. మూడో వంతు దారి తప్పుతుంటే ఆ పనిని పక్కనపెట్టి ఇంకొకటి వెతకండి. బాట్ సిద్ధమయ్యాక మొదటి రెండు వారాలు పగలు, ఇదివరకు ఆ పని చేసినవాళ్ల కళ్ల ముందే నడపండి. ప్రతి ఐటమ్‌నీ వాళ్ల చేతే చూపించండి. వాళ్లు సరేనన్నాకే రాత్రి షెడ్యూల్‌లో పెట్టండి.